ఎగరని రోజు గురించి అడుగు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. అనంతపురంలో ఒక బ్యాంకులో పని చేస్తున్నాను. విమానంలోంచి దూకాలని ఇంటర్ చదివేటప్పటి నుంచి కోరిక. ఈ ఏడాది అందుకోసం డబ్బు పక్కన పెట్టుకున్నాను. ‘గండికోటలో స్కైడైవింగ్, 4,500 రూపాయలే’ అని ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన చూసి ఫోన్ చేశాను. సగం డబ్బు ఇప్పుడే పంపండి, రేపటికి స్లాట్ ఉండదు అన్నారు. ఎందుకో భయమేసి ఆగిపోయాను. మంచి స్కూల్‌ని, మంచి ఇన్‌స్ట్రక్టర్‌ని కొత్తవాళ్లు ఎట్లా గుర్తుపట్టాలి? ఒక్కసారి దూకి వస్తే చాలా, కోర్సు చేయాలా? అమ్మకు ఇంకా చెప్పలేదు. మీరు మిలిటరీలో పారాచూట్‌తో దూకారని తెలిసి అడుగుతున్నాను.
ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: నా చిన్న కూతురిదీ నీదీ ఒకే వయసు, అందుకే నువ్వు అనే రాస్తున్నా తల్లీ, ఏమీ అనుకోవద్దు. డబ్బు పంపకుండా ఆగావు చూడు, అదే సరైన పని. ఆ భయాన్ని పోగొట్టుకోవద్దు. ముందు ముందు నీకు చాలా పనికొస్తుంది.

మొదట ఆ ప్రకటన సంగతి. నాకు తెలిసి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎక్కడా స్కైడైవింగ్ స్కూల్ లేదు. వాళ్లు గండికోటలో చేయించేది బహుశా పారామోటార్ అయి ఉంటుంది. వీపు వెనక ఇంజను, ఫ్యాను కట్టుకుని నేల మీద నుంచి లేచేది అది. జీపుకో పడవకో తాడు కట్టి లాగితే పైకి లేచేది పారాసెయిలింగ్. కొండ వాలు మీద నుంచి పరిగెత్తి ఎగిరేది పారాగ్లైడింగ్. అవీ మంచి ఆటలే, వాటి జాగ్రత్తలు వాటికున్నాయి. స్కైడైవింగ్ అంటే విమానం పదివేల అడుగులకో అంతకు పైకో తీసుకెళ్తే, తలుపు తీసి దూకడం. పారాచూట్ తెరుచుకునే దాకా గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో కిందికి వస్తావు. విమానం, పైలట్, ఆయిల్, ఇన్‌స్ట్రక్టర్, పారాచూట్ మడిచేవాళ్లు, ఇంతమంది ఖర్చు 4,500 రూపాయల్లో రాదు. మన దేశంలో ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఒక్కసారి దూకడానికి 30,000 రూపాయల చుట్టుపక్కల అవుతుంది. వీడియోకు చాలాచోట్ల వేరే. పేరులోనే అబద్ధం చెప్పినవాళ్లు బెల్టు గురించి నిజం చెప్తారని ఎట్లా నమ్ముతాం?

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను దూకింది ఆగ్రాలో, వైమానిక దళం నడిపే పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్లో. ఏఎన్-32 విమానంలోంచి, 1,250 అడుగుల ఎత్తులో, మల్పురా మైదానం మీదికి. మాది గుండ్రటి పారాచూట్. విమానానికి తగిలించిన పట్టీయే దాన్ని లాగి తెరుస్తుంది. ఐదుసార్లు దూకాలి, అందులో ఒకటి రాత్రిపూట. అప్పుడు ఛాతీ మీదికి వింగ్స్ అనే రెక్కల బ్యాడ్జి వస్తుంది. నువ్వు చేయబోయేది దీనికంటే చాలా ఎత్తు నుంచి, పారాచూటూ వేరే రకం. కానీ అసలు తేడా అది కాదు. మా ఇన్‌స్ట్రక్టర్‌ని మేం ఎంచుకోలేదు. పారాచూట్ ఎవరు మడిచారు, గాలి ఎంత ఉంది, విమానం సరిగ్గా ఉందా, ఇదంతా వైమానిక దళమే చూసుకునేది. నీకు ఆ వసతి లేదు. డబ్బు కట్టేదీ నువ్వే, చూసుకోవాల్సిందీ నువ్వే.

ఆగ్రాలో ఒక వారం వరసగా మూడు పొద్దులు పారాచూట్ వీపున కట్టుకుని రన్‌వే పక్కన కూర్చున్నాం. గాలి తగ్గలేదు. మూడో రోజు కొంచెం తగ్గినట్టే ఉంది, మేమంతా లేచి నిలబడ్డాం. మా ఇన్‌స్ట్రక్టర్ గాలి కొలిచే పరికరం వైపు చూశాడు, మైదానంలో పొగ వైపు చూశాడు, ‘విప్పేయండి’ అన్నాడు. అందరం లోపల తిట్టుకున్నాం. ఆ పొగ నేలకు ఆనుకుని పోతుండడం మాకెవరికీ కనిపించలేదు, ఆయనకు కనిపించింది. ఇన్నేళ్ల తర్వాత నాకు ఆయన పేరు గుర్తుంది. మమ్మల్ని దూకించిన మిగతావాళ్ల పేర్లు ఎంత ఆలోచించినా గుర్తురావు.

అందుకే ఏ స్కూల్‌కు ఫోన్ చేసినా నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ‘చివరిసారి మీరు దూకుళ్లు ఎప్పుడు ఆపేశారు, ఎందుకు ఆపారు, ఆ రోజు వచ్చినవాళ్ల డబ్బు ఏం చేశారు?’ మంచివాళ్లకు ఈ ప్రశ్న కష్టం కాదు. ‘పోయిన ఆదివారమే ఆపాం, పొద్దున పొగమంచు, మధ్యాహ్నం గాలి, అందరికీ వేరే తేదీ ఇచ్చాం’ అని గడగడా చెప్తారు. ‘మా దగ్గర అట్లాంటి సమస్యే రాదు మేడమ్’ అన్నారంటే ఫోన్ పెట్టేయ్. సమస్య రాని ఆకాశం ఎక్కడా లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగే ప్రాంతం నీది. ఆషాఢంలో గాలి పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా ఉంటుందని నీకు వేరే చెప్పక్కర్లేదు. అమెరికా పారాచూట్ సంఘం యూఎస్‌పీఏ నియమాల ప్రకారం, సొంతంగా దూకే విద్యార్థిని నేల మీద గాలి గంటకు 14 మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటితే దూకనివ్వకూడదు. ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి దూకేవాళ్లకు ప్రతి స్కూల్ తన హద్దు తాను పెట్టుకుంటుంది. ‘మీ హద్దు ఎంత?’ అని అడుగు. అంకె చెప్పాలి. ‘మా సార్ చూసుకుంటారు’ అనేది జవాబు కాదు.

డబ్బు తిరిగి ఇచ్చే షరతు కూడా ఇక్కడే తేలాలి. వాతావరణం బాగాలేకపోతే వేరే తేదీ ఇస్తారా, డబ్బు వాపస్ ఇస్తారా అన్నది వాట్సాప్‌లోనైనా సరే రాతలో తీసుకో. ఎగరకపోతే తనకే నష్టం అన్నట్టుగా ఉంటే, ఎగరకూడని రోజున కూడా ఎగరాలనే ఒత్తిడి ఆ నిర్వాహకుడి మీద పడుతుంది. అది చివరికి నీ మీద పడుతుంది.

ఇక ఇన్‌స్ట్రక్టర్. ఇది నేను ఎక్కువ రాయాల్సిన భాగం.

కొన్నేళ్ల కిందట మా అక్క కొడుకు నీలాగే మొండిపట్టు పట్టాడు. వేరే రాష్ట్రంలో ఒక క్యాంపు పెట్టారంటే వాడితో పాటు నేనూ పోయాను. ఇన్‌స్ట్రక్టర్‌కు ముప్పై ఏళ్లు ఉంటాయేమో, చలాకీ మనిషి. ఎన్నిసార్లు దూకావు బాబూ అంటే ‘వేలల్లో’ అన్నాడు. రేటింగ్ కార్డు, అంటే ఇన్‌స్ట్రక్టర్‌గా అర్హత ఉందని ఇచ్చే కార్డు చూపించమంటే హోటల్ రూములో ఉందన్నాడు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూనే మావాడి తొడల పట్టీలు బిగించాడు. కుడి తొడ పట్టీ ఒక మెలిక తిరిగి ఉంది. నేను వేలు పెట్టి చూపిస్తే ‘మీ కాలం వేరు పెద్దాయనా’ అని నవ్వాడు. ఆ పట్టీ విప్పించి మావాడిని వెంటబెట్టుకుని వచ్చేశాను. 8,000 రూపాయల అడ్వాన్స్ పోయింది. రెండు నెలలు వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాతి చలికాలం ఇంకోచోటికి పోయాం. అక్కడి ఇన్‌స్ట్రక్టర్ మొదట చేసిన పని మావాడిని రెండు చేతులూ తల మీదికి ఎత్తమనడం. ఎడమచేయి కొంచెం తటపటాయించింది. ‘ఎప్పుడైనా భుజం జారిందా?’ అన్నాడు. జారింది, డిగ్రీలో కబడ్డీ ఆడుతుంటే. మావాడు ఫారంలో రాయలేదు, నాకూ చెప్పలేదు. దూకిన తర్వాత చేతులు చాపి పడుకున్నట్టు ఉండాలి, ఆ గాలి వేగానికి జారిన భుజం మళ్లీ జారొచ్చు. ‘డాక్టర్ రాసిచ్చిన కాగితం తెస్తే నేనే దూకిస్తా, ఈరోజు మాత్రం లేదు’ అన్నాడు. వేరే తేదీ ఇచ్చాడు. కర్నూలులో ఎముకల డాక్టర్‌కు చూపించుకుని, కాగితం తీసుకుని, నెల తర్వాత పోయి ఆయనతోనే దూకి వచ్చాడు. మనిషిని చూడగానే ‘ఈరోజు లేదు’ అనగలిగినవాడు దొరికితే వదలొద్దు.

కాగితాల సంగతి కూడా చూడాలి. యూఎస్‌పీఏ లెక్కలో టాండెమ్ ఇన్‌స్ట్రక్టర్, అంటే కొత్తవాళ్లను తనకు తగిలించుకుని కలిసి దూకేవాడు కావాలంటే కనీసం మూడేళ్లు ఈ ఆటలో ఉండాలి, 500 సార్లు దూకి ఉండాలి. అది కనీసం మాత్రమే. అంతేకాదు, తాను వాడే టాండెమ్ పారాచూట్ ఏ కంపెనీదో, ఆ రకం మీద విడిగా శిక్షణ పొంది ఉండాలి. రేటింగ్‌ను ఏటేటా కొత్తగా చేయించుకోవాలి, కాబట్టి కార్డు మీద తేదీ చూడు. ‘ఈ నెలలో ఎన్నిసార్లు దూకారు?’ అని కూడా అడుగు. పదేళ్ల కిందటి వెయ్యి దూకుళ్ల కంటే పోయిన నెలలోని ఇరవై నాకు ఎక్కువ ధైర్యం ఇస్తాయి. స్కూల్‌ను అడగాల్సింది ఇంకొకటి ఉంది: మన దేశంలో పౌర విమానం నుంచి పారాచూట్‌తో దిగాలంటే పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అనుమతి ఉండాలి. ఆ కాగితం మీద ఏ ఎయిర్‌స్ట్రిప్ పేరు ఉంది, ఎప్పటి వరకు ఉంది అని చూడు. ఇవి అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్లు నీకు అక్కర్లేదు.

పారాచూట్ గురించి నీకు తెలియదని అనుకోవద్దు, చూడాల్సినవి కళ్లతో చూడొచ్చు. ఇన్‌స్ట్రక్టర్ వీపున ఉండే ఒకే సంచిలో రెండు పారాచూట్లు ఉంటాయి, ఒకటి మెయిన్, ఒకటి రిజర్వ్. మెయిన్‌ను రోజుకు ఎన్నోసార్లు మడుస్తారు. రిజర్వ్‌ను మాత్రం లైసెన్సు ఉన్న రిగ్గర్, అంటే పారాచూట్లు పరీక్షించి మడిచే నిపుణుడే మడవాలి. అమెరికా నియమం ప్రకారం దూకినా దూకకపోయినా 180 రోజులకు ఒకసారి విప్పి, పరీక్షించి, మళ్లీ మడవాలి. మడిచాక రిజర్వ్ పిన్ను దగ్గర సన్నటి ఎర్ర దారం కట్టి దానికి సీసం సీలు నొక్కుతారు. ఇంటి కరెంటు మీటరుకు వేస్తారే, అట్లాంటిదే. దారం తెగి ఉంటే ఎవరో ముట్టుకున్నారని అర్థం. సంచి జేబులో ఒక కార్డు ఉంటుంది, చివరిసారి మడిచిన తేదీ, రిగ్గర్ సంతకం దాని మీద ఉంటాయి. ‘రిజర్వ్ సీలు చూపిస్తారా?’ అని అడుగు. మా అక్క కొడుకును దూకించిన ఆయన అడగకముందే మూత తెరిచి దారం చూపించాడు.

ఇంకొకటి ఏఏడీ అనే చిన్న యంత్రం. ఏ కారణం చేతనైనా ఇన్‌స్ట్రక్టర్ పారాచూట్ తెరవలేకపోతే, ఇంత ఎత్తులో ఇంకా ఇంత వేగంగా పడుతున్నారని గాలి ఒత్తిడిని బట్టి కనిపెట్టి రిజర్వ్‌ను తనే తెరిపిస్తుంది. టాండెమ్‌కు వాడేది సుమారు 1,900 అడుగుల దగ్గర పని చేస్తుంది. జర్మనీలో 1991లో వచ్చిన సైప్రెస్ అనే రకం అన్నింటికంటే పేరున్నది. ఆన్ చేసి ఉంటే దాని చిన్న తెర మీద సున్నా కనిపిస్తుంది. అది ఉందా, ఆన్ చేశారా అని అడగడానికి మొహమాటపడొద్దు.

నీ హార్నెస్‌ను, అంటే ఒంటికి కట్టే పట్టీల అమరికను, ఇన్‌స్ట్రక్టర్ హార్నెస్‌కు నాలుగుచోట్ల తగిలిస్తారు. భుజాల దగ్గర రెండు, నడుము దగ్గర రెండు. నేల మీద ఒకసారి, విమానం ఎక్కే ముందు ఒకసారి, తలుపు తీసే ముందు ఒకసారి ఈ పట్టీలూ కొక్కేలూ చేత్తో తడిమి చూడాలి. కంటితో చూసి తలూపడం సరిపోదు. నువ్వు కూడా ఆ నాలుగూ లెక్కపెట్టుకో, గట్టిగానే లెక్కపెట్టు. మంచి ఇన్‌స్ట్రక్టర్ నీతో కలిసి లెక్కపెడతాడు. దూకిన కొన్ని సెకన్లకే ఆయన డ్రోగ్ అనే చిన్న పారాచూట్ వదులుతాడు. ఇద్దరి బరువుకు వేగం మితిమీరకుండా అది పట్టి ఉంచుతుంది. మెయిన్ ఐదువేల అడుగుల దగ్గర తెరుస్తారు. పదివేల అడుగుల నుంచైతే అంతా కలిపి అర నిమిషం పడతావు, తర్వాత ఐదారు నిమిషాలు తేలుతూ దిగుతావు. దిగేటప్పుడు రెండు కాళ్లూ ముందుకు చాచి ఎత్తి పట్టుకోవాలి. ఇది ముందే నేల మీద పడుకోబెట్టి నీతో చేయించాలి. ఐదు నిమిషాల్లో మాటలతో చెప్పి వదిలేసే స్కూల్ అయితే ‘ఇంకోసారి చేయిస్తారా’ అను.

ఒకసారా, కోర్సా అన్నావు. ముందు టాండెమే చెయ్యి. తలుపు దగ్గర నీ మనసు ఎట్లా ఉంటుందో ఇక్కడ కూర్చుని ఎవరూ చెప్పలేరు. తర్వాత కూడా కోరిక నిలిస్తే ఏఎఫ్‌ఎఫ్ అనే కోర్సు ఉంది. మొదటి దూకుళ్లలో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు నిన్ను రెండు పక్కలా పట్టుకుని దూకుతారు, పారాచూట్ నీ వీపునే ఉంటుంది, తెరిచేదీ నువ్వే. ఏడెనిమిది మెట్లు దాటాక సొంతంగా దూకనిస్తారు, 25 దూకుళ్లు పూర్తయి పరీక్ష పాసైతే యూఎస్‌పీఏ ‘ఏ’ లైసెన్స్ వస్తుంది. దీనికి లక్షల్లోనే అవుతుంది. మనవాళ్లు ఎక్కువగా థాయ్‌లాండ్‌కో, స్పెయిన్‌కో, దుబాయ్‌కో పోయి చేస్తున్నారు. అంత దూరం పోయే ముందు హైదరాబాద్ గండిపేటలో గాలి గొట్టం (విండ్ టన్నెల్) ఉంది, కింద నుంచి వచ్చే గాలి మీద తేలుతూ శరీరాన్ని ఎట్లా వంచాలో నేర్చుకోవచ్చు. అక్కడ రెండుసార్లు చేసి పోతే ఏఎఫ్‌ఎఫ్‌లో చాలా తేలికవుతుంది.

టాండెమ్ కోసం ఎక్కడికి పోవాలంటే, హర్యానాలో నార్నౌల్ దగ్గర బాఛోద్ ఎయిర్‌స్ట్రిప్ ఉంది, ఢిల్లీ నుంచి కారులో మూడు గంటల దారి. ఉజ్జయిని దగ్గర దతానా ఎయిర్‌స్ట్రిప్‌లో మధ్యప్రదేశ్ టూరిజం వాళ్లు స్కైడైవింగ్ ఉత్సవాలు పెట్టారు. మైసూరులోనూ క్యాంపులు జరిగాయి, నీకు అన్నింటికంటే దగ్గర అదే. క్యాంపు అయితే ఊరు పేరు చూసి నమ్మొద్దు. ఈసారి నడిపేది ఎవరు, విమానం ఎవరిది, ఇన్‌స్ట్రక్టర్లు ఎవరు అని మళ్లీ మొదటి నుంచి అడుగు. మన ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు 2021లో మొదలైంది. ఏదో ఒక రోజు మన సీమ ఆకాశంలో కూడా ఈ ఆట సరైన పద్ధతిలో మొదలవ్వాలని నాకు గట్టి ఆశ ఉంది.

నీ వైపు నుంచి చూసుకోవాల్సినవి తక్కువే. బరువు దాచొద్దు. చాలాచోట్ల 90 నుంచి 100 కిలోల మధ్య హద్దు ఉంటుంది, మంచి స్కూల్ కాటా మీద నిలబెట్టి చూస్తుంది. బీపీ, గుండె, మూర్ఛ, వెన్నునొప్పి, భుజం, ఆపరేషన్లు, ఏది ఉన్నా ఫారంలో రాయి. జలుబు చేసి ఉంటే వాయిదా వేసుకో, కిందికి వచ్చేటప్పుడు చెవులు భరించలేవు. ఖాళీ కడుపుతో పోవద్దు, రెండు ఇడ్లీ తిని పో. లేసులు కట్టుకునే బూట్లు వేసుకో. కళ్లద్దాలు ఉంటే వాటి మీద పెట్టే గాగుల్స్ అడుగు. సంతకం పెట్టమని ఇచ్చే కాగితం మొత్తం చదువు. బ్యాంకులో ఉన్నావు కాబట్టి ఇన్సూరెన్స్ సంగతి నీకే బాగా తెలుసు. చాలా పాలసీల్లో సాహస క్రీడలకు మినహాయింపు ఉంటుంది, నీ పాలసీలో ఏముందో ముందే చూసుకో.

అమ్మకు చెప్పు తల్లీ. దూకి వచ్చాక వీడియో చూపించి ఆశ్చర్యపరచాలని అనుకోవద్దు. నేను ఆగ్రాకు పోయినప్పుడు మా అమ్మకు ‘ట్రైనింగ్’ అని మాత్రమే చెప్పాను. తర్వాత ఎవరో పక్కింటివాళ్ల నోట విని, ఎంత బాధపడిందో ఇప్పటికీ నా మనసులో ఉంది. ఆమె బాధపడింది పారాచూట్‌తో దూకినందుకు కాదు, నేను దాచినందుకు. మీ అమ్మకు అంకెలు చెప్పు: అమెరికాలో 2023లో దాదాపు 36 లక్షల 50 వేల దూకుళ్లు జరిగితే చనిపోయినవాళ్లు 10 మంది అని యూఎస్‌పీఏ లెక్క. ఆ అంకె అంత చిన్నగా ఉండడానికి పైన రాసిన నియమాలు, తనిఖీలు పెద్ద కారణమని కూడా చెప్పు. అవి పాటించనిచోట ఆ అంకె మనకు వర్తించదు. రేచల్ థామస్ గురించి చెప్పు. ఆమె మన దేశపు ఆడపిల్ల, 2002లో ఉత్తర ధ్రువం మీద దూకింది, 2005లో పద్మశ్రీ ఇచ్చారు.

అన్నీ చెప్పాక అమ్మను వెంట తీసుకుపో. ఖర్చు పెరుగుతుంది, పెరగనీ. ఇన్‌స్ట్రక్టర్ ముందు ఆమెను కూర్చోబెట్టి, ఆమెకు వచ్చిన ప్రశ్నలన్నీ అడగనివ్వు, ఎంత చిన్నవైనా సరే. ఆయన ఓపిగ్గా జవాబు చెప్తున్నాడా, నీ వైపు చూసి నవ్వుతున్నాడా అన్నది నువ్వు పక్కన కూర్చుని గమనించు. తర్వాత రిజర్వ్ మూత తెరిపించి ఆ ఎర్ర దారం అమ్మకు కూడా చూపించు.